సుజ్దల్ వెళ్ళాలా, ప్ల్యోస్ వెళ్ళాలా?

మాస్కో చూశాక రెండ్రోజులు మిగిలాయా? రష్యాలోని ఈ రెండు చిన్న ఊళ్ళలో ఒకటి చూడాల్సిందే.

దారి: రెండూళ్ళకీ రైలు లేదు. సుజ్దల్‌కైతే వ్లాదిమిర్ నగరంలో రైలు దిగి బస్సులో 30 కిలోమీటర్లు కూడా ఉండదు. ప్ల్యోస్‌కి ఇవానోవో నగరం నుంచి దాదాపు 70, బస్సు టైం ముందే చూసుకోవాలి.

చూడ్డానికి: సుజ్దల్‌లో నీలం గోపురాల మీద బంగారు నక్షత్రాలు, 1992లో యునెస్కో లిస్టుకెక్కిన తెల్లరాతి కట్టడాలు, తాగడానికి తేనెతో చేసే మెదొవూఖా. ప్ల్యోస్‌లో వోల్గా నది ఒడ్డే అన్నీ, చిత్రకారుడు లెవితాన్ 1888 నుంచి వరసగా మూడు వేసవులు ఇక్కడికే వచ్చి బొమ్మలేశాడు, ఒడ్డున పొగబెట్టిన చేప వాసనకే కాళ్ళు ఆగిపోతాయి, నాకు మనసు ఇటే లాగుతుంది.

డబ్బు: మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచెయ్యవు, రూబుళ్ళు చేతిలో ఉంచుకోండి.

మొదటిసారి, పిల్లలతో అయితే సుజ్దల్. ఇద్దరే, తొందర లేకుండా వేసవిలో అయితే ప్ల్యోస్.