హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12: బాగుచేసి వాడిన తరువాత

1960లలో వచ్చిన ఈ 54 సీసీ చైన్‌సాను (ఇంజిన్‌తో నడిచే గొలుసు రంపాన్ని) రంగు చూసి గుర్తుపట్టబోతే పొరబడతాం. దాదాపు ఇదే ఆకారంలో ఉండే ఇతర ఎక్స్‌ఎల్ రకాల విడిభాగాలన్నీ దీనికి సరిపోవు గనుక, యంత్రంపై ఉండే గుర్తింపు రేకుమీద ‘యూటీ’ అక్షరాలతో మొదలయ్యే సంఖ్యనే ప్రమాణంగా తీసుకోవాలి.

పొగ బయటికి పోయే చోట ఉండే మఫ్లర్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు లేవు, కాబట్టి శ్రమ వృథా కాదని తేలింది. టిల్లాట్‌సన్ కంపెనీ కార్బ్యురేటర్‌లోని డయాఫ్రమ్ (ఇంధనాన్ని అదుపుచేసే పలుచని పొర) మాత్రం ఎండుటాకులా బిగుసుకుపోయి, వేలితో నొక్కితే చిట్లింది. నేను తెప్పించిన మరమ్మతు కిట్‌లో ఒక గాస్కెట్ (అతుకుల మధ్య కారకుండా పెట్టే పొర) రంధ్రాలు కుదరక పాతదాన్నే కొలతగా పెట్టి కత్తిరించుకోవలసి వచ్చింది. అమ్మినవారు జవాబైనా ఇవ్వలేదు. కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని కొలిచి వదిలే మీటరింగ్ వైపు ముందు గాస్కెట్, దానిపై డయాఫ్రమ్ రావాలి. (నేను మొదటిసారి తారుమారు చేశాను.) నిప్పురవ్వ కోసం విద్యుత్తును కలిపి విడదీసే పాయింట్లను శుభ్రపరచి, మధ్య ఎడాన్ని 0.015 అంగుళానికి సరిచేయగానే నిప్పురవ్వ నీలంగా కనిపించింది.

కోతలో బలానికి లోటు లేదు. అయితే గొలుసును వెంటనే ఆపే చైన్ బ్రేక్ లేదు, చేతులకు అదురు తగ్గించే ఏర్పాటు లేదు, శబ్దం విపరీతం. అందువల్ల రోజువారీ పనికి దీన్ని సిఫారసు చేయను.