బెప్పూలో బురద స్నానమా, ఇసుక స్నానమా?

జపాన్ క్యూషూ దీవిలోని వేడినీటి ఊటల ఊరు బెప్పూకి వెళ్లి ఒక్క పూటే చేతిలో ఉంటే ఈ ప్రశ్న తప్పదు. రెండింటికీ వేడి భూమి లోపలి నుంచే వస్తుంది, కానీ అనుభవం పూర్తిగా వేరు.

బట్టలు: బురదకి ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, పైగా కొన్ని ఆరుబయట కొలనుల్లో ఆడా మగా ఒకే చోట దిగుతారు. ఇసుకకి పల్చటి యుకాతా (నూలు అంగీ) ఇస్తారు, మనవాళ్లలో చాలామందికి అసలు టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది. కానీ తర్వాత ఇసుక కడుక్కునేటప్పుడు అది విప్పాల్సిందే.

శ్రమ: ఇసుకలో మీరు పడుకుంటే చాలు, పనివాళ్లు పారతో మెడ దాకా కప్పేస్తారు, 10 నిమిషాల్లో చెమటలు ధారకడతాయి, ఆ బరువు కింద గుండె చప్పుడు మీకే వినిపిస్తుంది. బురదలో అడుగు జారుతుంది, మెల్లగా దిగాలి. ఆ మెత్తదనం మాత్రం ఇంకెక్కడా దొరకదు.

ఖర్చు: మామూలు వేడినీటి స్నానం కంటే ఇసుక స్నానానికి చాలా ఎక్కువ.

రిస్క్: బురదలోని గంధకం వల్ల వెండి పట్టీలు, మొలతాడు నల్లబడతాయి, ముందే తీసేయండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు రెండింటిలో దేనికైనా డాక్టర్‌ని అడిగాకే వెళ్లాలి.

అమ్మానాన్నలతో వెళ్తే, లేదా బిడియం ఉంటే, ఇసుకే: 1879లో మొదలైన తాకెగవారా స్నానశాలకి వెళ్లండి, 1938 నాటి ఆ చెక్క భవనం చూడటానికే వెళ్లొచ్చు. ఒంటరిగానో, మొహమాటం లేని స్నేహితులతోనో వెళ్తే కొండవైపు ఉన్న మ్యోబాన్ ప్రాంతానికి వెళ్లి బురదలో దిగండి.