కంప్యూటర్‌కి కూలరా? టవర్ కూలర్‌తో మూడేళ్లు

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, కాబట్టి నాకు కాస్త తీరిక. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఏటా ఈ నెలలోనే క్యాబినెట్ విప్పి దుమ్ము దులుపుతాను. నిన్న ఆ పని చేస్తుంటే, లోపల ప్రాసెసర్‌ని చల్లబరిచే టవర్ కూలర్ కొని మూడేళ్లు దాటిందని గుర్తొచ్చింది. కొత్తలో రాసే సమీక్షలు ఎన్నో కనిపిస్తాయి గానీ మూడేళ్లు వాడి రాసినవి తక్కువ. అందుకే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. నాలుగు రాగి పైపులు, వాటికి గుచ్చిన అల్యూమినియం రేకులు, ముందు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. నేను కొన్న రెండు వేల మూడొందల ధరలో దొరికే కూలర్లన్నీ దాదాపు ఇదే తయారీ.

మన దగ్గర డబ్బా మొత్తాన్ని సీపీయూ అనడం అలవాటు. ఇక్కడ నేను ప్రాసెసర్ అన్నప్పుడల్లా మదర్‌బోర్డు మీదుండే చిప్పునే అంటున్నాను.

నాది ఇంటెల్ ఐ5-10400. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కాగితం మీద 65 వాట్లు. 2021 జనవరిలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, అసెంబుల్ చేయించాను. ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న గుండ్రటి కూలరే బిగించారు. ఏడాదికి పైగా ఏ గొడవా లేదు.

2022 ఏప్రిల్‌లో మూసాపేట నుంచి నిజాంపేటకి ఇల్లు మారాం. క్యాబినెట్‌ని బొంతలో చుట్టి, గూడ్స్ ఆటోలో బీరువా పక్కన నిలబెట్టి తాడు కట్టాను. దారంతా గుంతలే. కొత్త ఇల్లు పై అంతస్తు. సాయంత్రం నాలుగయ్యేసరికి స్లాబ్ వేడి నెత్తి మీద కూర్చుంటుంది. మా పని సంగతి చెప్పాలంటే, వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలంటే కంప్యూటర్‌కి పగలూ రాత్రీ ఎక్స్‌పోర్ట్‌లే, అంటే ఎడిట్ చేసిన వీడియోని ఒక ఫైలుగా తయారుచేయడమే. హైదరాబాద్‌లో ఎండ 42 కొట్టేదీ, నా ప్రాసెసర్ ఒళ్లు హూనమయ్యేదీ ఒకే నెలలో.

మేలో మొదలైంది. యాభై నిమిషాల్లో అయ్యే ఎక్స్‌పోర్ట్ రెండు గంటలు పట్టింది. ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది. మూడో రోజు, తలంబ్రాల సీన్ దగ్గర, స్క్రీన్ ఠక్కున ఆరిపోయింది. పది నిమిషాలు ఆగి ఆన్ చేస్తే మామూలుగానే వచ్చింది. మళ్లీ ఎక్స్‌పోర్ట్ పెడితే మళ్లీ ఆరిపోయింది. అవతల పెళ్లికొడుకు నాన్నగారు రోజుకి రెండుసార్లు ఫోను. టెన్షన్ మామూలుగా లేదు.

వీధి చివర రిపేరు షాపు కుర్రాడు చూసి "అన్నా, ఎస్‌ఎంపీఎస్ వీకైంది" అన్నాడు. అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె. 2,800 పెట్టి కొత్తది వేయించాను. ఆ రాత్రే మళ్లీ ఆగిపోయింది. "అయితే మదర్‌బోర్డ్ అయి ఉంటది అన్నా" అన్నాడు. అక్కడితో దండం పెట్టి డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేశాను. ఒక రాత్రి నిద్ర పాడవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

అసలు మొదట చేయాల్సిన పని చివర్లో చేశాను: వేడి ఎంతుందో చూడటం. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేడి కనిపించదు. హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ఏ పనీ చేయకుండా ఊరికే ఉంటేనే 64 డిగ్రీలు. ఎక్స్‌పోర్ట్ నొక్కి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదు అనేలోపే వంద!

ఈ ప్రాసెసర్‌కి 100 డిగ్రీలే హద్దు. అక్కడికి చేరగానే తన వేగం తానే తగ్గించేసుకుంటుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర పరుగెత్తాల్సింది 2 దగ్గర కుంటుతోంది. ఎక్స్‌పోర్ట్ ఆలస్యానికి కారణం అదే. అప్పటికీ వేడి ఆగక ఇంకా పైకి పోతే, కాలిపోకుండా మొత్తం మెషీన్‌నే ఆపేస్తుంది. పాపం ఎస్‌ఎంపీఎస్ తప్పేమీ లేదు.

మీ కంప్యూటర్‌కీ ఇదే జబ్బు అనిపిస్తే డిగ్రీలు ఎన్ని అన్నదానికంటే ఎంత తొందరగా ఎక్కుతున్నాయో చూడండి. ఖాళీ గిన్నె స్టవ్ మీద పెడితే క్షణాల్లో కాలుతుంది, నీళ్లున్న గిన్నె నెమ్మదిగా వేడెక్కుతుంది. నొక్కిన అయిదు సెకన్లలో వందకి పోతే ప్రాసెసర్ వేడి కూలర్‌లోకి ఎక్కడం లేదన్నమాట. అంటే కూలర్ సరిగ్గా ఆనలేదు, లేదా రెండిటి మధ్య వేడిని దాటించడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. పది పదిహేను నిమిషాల మీద మెల్లగా పాకుతూ ఎక్కితే, కూలర్‌లోకి వేడి వస్తోంది గానీ బయటికి పోవడం లేదు. అప్పుడు దుమ్మో, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమో కారణం. కూలర్ ఫ్యానే తిరగకపోతే అది కంటికే కనిపిస్తుంది. నాది మొదటి రకం.

పక్క తలుపు తీసి టార్చ్ వేశాను. ఆ చిన్న కూలర్‌ని నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులు పట్టుకుని ఉంటాయి. కింద ఎడమ పక్క పిన్ను మిగతా మూడిటికంటే చీమంత పైకి ఉంది. వేలితో నొక్కితే కదిలింది. కూలర్ ఒక పక్కకి వాలి ఉంది, అంతే. గూడ్స్ ఆటో గుంతల పుణ్యం.

కూలర్ తీసేముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపితే పేస్ట్ మెత్తబడి సులువుగా వస్తుంది. ఏఎండీ కంపెనీ వాళ్ల పాత ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) అయితే ఇది తప్పనిసరి. అక్కడ ప్రాసెసర్ మీద పట్టీ ఉండదు. ఎండిన పేస్ట్‌కి అతుక్కుని కూలర్‌తో పాటే ఊడొస్తే ప్రాసెసర్ అడుగున ఉండే పిన్నులు వంగుతాయి. నాది పట్టీ కింద ఉండే రకం కాబట్టి ఆ భయం లేదు. లోపలి పేస్ట్ సుద్దముక్క పొడిలా రాలింది. తుడవడానికి కరోనా నాటి శానిటైజర్ వాడబోయాను. మా తమ్ముడు ఫోన్‌లో ఆపాడు. అందులో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు, జిగురు మిగులుతుంది. మొబైల్ రిపేర్ల వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా కొన్నాను. పాత బనియన్ గుడ్డతో తుడిస్తే ప్రాసెసర్ అద్దంలా మెరిసింది. మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, పిన్నుల్ని ఎదురెదురు మూలల చొప్పున నొక్కాను. ప్రతి పిన్నుకీ "టక్" మని వినపడాలి. వినపడినా నమ్మకుండా బోర్డు వెనక కాళ్లు విచ్చుకున్నాయా లేదా చూడాలి.

ఎక్స్‌పోర్ట్ పెట్టాను. గదిలో 35 ఉన్నప్పుడు ప్రాసెసర్ 91. వంద దాటలేదు, ఆగిపోలేదు. రిపేరు అక్కడికి అయిపోయినట్టే. ఖర్చు పేస్ట్‌కీ సీసాకీ కలిపి 600 లోపే.

ఇక గాలి సంగతి. క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ కింద అరలో, మూడు వైపులా చెక్క ఉన్నచోట దూర్చి పెట్టాను. ఒక అగరుబత్తి వెలిగించి క్యాబినెట్ చుట్టూ తిప్పాను. ముందు ఫ్యాన్ పొగని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి తోయాలి. నా దగ్గర వెనక నుంచి వచ్చిన పొగ చెక్కకి కొట్టుకుని మళ్లీ ముందుకే వచ్చి లోపలికి పోతోంది. అది వదిలిన వేడినే అది పీలుస్తోంది. డబ్బాని అరలోంచి తీసి టేబుల్ పక్కన స్టూల్ మీద పెడితే 91 కాస్తా 86 అయింది. పైసా ఖర్చు లేదు.

మరి కూలర్ ఎందుకు కొన్నట్టు? చప్పుడు వల్ల. ఆ 86 కోసం చిన్న ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. రాత్రి పదకొండింటికి మంగళవాయిద్యం ఆడియో సరిచూసుకుంటుంటే వెనక ఆ గోల. ఇంట్లో చెప్పాను, రెండు వేల మూడొందలు పెట్టి కూలర్ కొంటానని. మా ఆవిడ నా వంక చూసింది. "ఈ ఎండల్లో మనకే కూలర్ లేదు, దానికి కూలరా?" అంది. హైదరాబాద్‌లో కూలర్ అంటే గడ్డి పరదాల ఎయిర్ కూలరే కదా! ఆ నెలలో ఇంటికి రెండు కూలర్లు వచ్చాయి.

మెట్రోలో అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగి సీటీసీకి వెళ్లాను. అక్కడ లిక్విడ్ కూలర్ అంటగట్టాలని చూశారు, ఏడు వేలు. 65 వాట్ల ప్రాసెసర్‌కి అది అనవసరం. దాని పంపు పోతే మళ్లీ మొదటికే వస్తాం. టవర్ కొనేముందు మాత్రం టేపు పెట్టి క్యాబినెట్ వెడల్పు కొలుచుకోండి. నా కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌లో చోటు 160. తలుపు మూస్తే మధ్యలో వేలు దూరదు. ఇంకో మాట, కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది పీకకుండా బిగించేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసినాయన ఒకరు నెల రోజులు అలాగే వాడాడు.

ఇక మూడేళ్ల లెక్క. పైన చెప్పిన అదే ఎక్స్‌పోర్ట్‌కి, గదిలో 35 ఉంటే ప్రాసెసర్ 71, 72. డిసెంబరులో గది 22 ఉన్నప్పుడు 59. తేడా పదమూడు, గది తేడా కూడా పదమూడే. ఏ ఫ్యాన్ కూలరైనా గదిలో గాలినే వాడుకుంటుంది, దానికంటే చల్లగా చేయలేదు. ఎండాకాలంలో నాలుగు డిగ్రీలు పెరిగాయని కంగారుపడి కొత్త పేస్ట్ కొనేముందు గదిలో ఎంతుందో చూసుకోవాలి. నేను టేబుల్ మీద చిన్న థర్మామీటర్ పెట్టుకున్నాను. చప్పుడు మాత్రం నిజంగా పోయింది. నా మెషీన్ ఆన్‌లో ఉందో లేదో లైటు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది.

బాగా లేనివీ ఉన్నాయి. రెండేళ్లకి ఫ్యాన్ బేరింగ్ గరగరమనడం మొదలుపెట్టింది. ఉదయం ఆన్ చేయగానే ఓ అయిదు నిమిషాలు, తర్వాత సర్దుకునేది. నెల ఓర్చుకుని ఫ్యాన్ ఒక్కటే 550కి మార్చాను. నాలుగు వైర్లున్న 120 సైజు ఫ్యాన్ ఎక్కడైనా దొరుకుతుంది. మొత్తం కూలర్ మార్చాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఫ్యాన్‌ని పట్టుకునే తీగ క్లిప్పులు మాత్రం ఒట్టి తలనొప్పి, రెండుసార్లు వేలు గీరుకుంది. రేకుల మధ్య దుమ్ము కూడా తక్కువేం కాదు. మా చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, సిమెంటు పొడి కిటికీ మూసినా వస్తుంది. నాలుగు నెలలు వదిలేస్తే నాలుగైదు డిగ్రీలు పెరుగుతాయి.

అందుకే నా పద్ధతి పంచాంగం ప్రకారం. ఆషాఢంలో ఒకసారి, మూఢం వస్తే ఇంకోసారి. 2024 వేసవిలో శుక్రమూఢమి వచ్చి ముహూర్తాలే లేవు, అప్పుడు తీరిగ్గా పేస్ట్ కూడా మార్చాను. రెండు డిగ్రీలే తగ్గింది. రెండేళ్లకోసారి చాలు అనిపిస్తోంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. బాల్కనీలో కొట్టండి, లేకపోతే ఇంట్లో మాట పడాలి.

ఒక స్నేహితుడు ఇవేవీ లేకుండా క్యాబినెట్ తలుపు తీసి ఇంటి ఎయిర్ కూలర్‌ని నేరుగా దాని మీదికి తిప్పాడు. మొదటి వారం డిగ్రీలు చూపించి మురిసిపోయాడు. నెల తర్వాత చూస్తే తడిగాలికి దుమ్ము రేకుల మీద బురదలా పట్టేసింది. పళ్లు తోముకునే బ్రష్‌తో గీకాల్సి వచ్చింది.

ట్యాలీ, బ్రౌజింగ్, సినిమాలు మాత్రమే అయితే మీకు ఈ కూలర్ అక్కర్లేదు. పిన్నులు, పేస్ట్, గాలి చూసుకుంటే చాలు. కొనే ఉద్దేశం లేకపోయినా వేడి ఎక్కువైతే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పవర్ లిమిట్, అంటే ప్రాసెసర్ వాడుకోగల వాట్ల హద్దు, చూడండి. ఈ ప్రాసెసర్‌ని 65 వాట్లు దాటి కాసేపు పోనిస్తారు. కొన్ని బోర్డులు ఆ కాసేపటిని ఎప్పటికీ చేసేస్తాయి. నేను కూలర్ కొనకముందు ఒక వారం 65 దగ్గర కట్టేసి నడిపాను. ఎక్స్‌పోర్ట్‌కి ఆరేడు నిమిషాలు ఎక్కువ పట్టింది, వేడి ఎనిమిది డిగ్రీలు తగ్గింది. ఎడిటింగ్, రెండరింగ్, రోజంతా ఆటలు అయితే మాత్రం ఆ రెండు వేల మూడొందలు దండగ కాదు.

ఇంటి ఓనరు వాళ్లబ్బాయి పెళ్లి కుదిరింది, శ్రావణంలో ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఈ టవర్ బరువు అరకిలో పైనే. నిలబెట్టి తీసుకెళ్తే ప్రతి గుంతకీ మదర్‌బోర్డు మీద వేలాడుతుంది. ఈసారి క్యాబినెట్‌ని గూడ్స్ ఆటో ఎక్కించను. క్యాబ్ మాట్లాడుకుని వెనక సీట్లో పడుకోబెట్టి, కూలర్ పైకి ఉండేలా, పక్కన నేను కూర్చుంటాను. పెళ్లి వీడియో కూడా నాకే ఇచ్చారు.