కత్తి చేతికివ్వకూడదంటారు: కన్‌సైన్‌మెంట్ డీలర్లతో నా ఏడాదిన్నర

మా ఇంట్లో కత్తి ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. కింద పెడతారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. చేతికిస్తే తగువు వస్తుందని మా నాయనమ్మ అనేది. నేను నలభై ఆరేళ్ల వయసులో, అమెరికాలో, నాలుగు కత్తులు పట్టుకెళ్లి ఒకాయన చేతికే ఇచ్చాను. తగువు రానే వచ్చింది.

మాది నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలం. ఉండేది డాలస్ పక్కన. కస్టమ్ కత్తుల పిచ్చి 2012లో పట్టుకుంది. కస్టమ్ అంటే ఫ్యాక్టరీలో వేలకు వేలు తయారయ్యేవి కావు. ఒకే మనిషి తన షెడ్డులో ఉక్కు కోసి, సానబట్టి, పిడి బిగించి, తన పేరు కొట్టి అమ్మేవి. ఈ లోకంలో బాబ్ లవ్‌లెస్ పేరు తెలియనివాడు ఉండడు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కూర్చుని ఆయన చేసిన వేట కత్తుల వంపును ఇప్పటికీ సగం మంది కాపీ కొడుతున్నారు. ఆయన కత్తి కొనే స్తోమత నాకెప్పుడూ లేదు. నేను కొన్నవన్నీ ఆరు వందల నుంచి రెండు వేల ఆరు వందల డాలర్ల మధ్యవి. మొత్తం తొమ్మిది. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు లెక్క చూశాక మా ఆవిడ కత్తుల బీరువా వైపు ఒక్కసారి చూసింది, అంతే. నోరు తెరిచి ఏమీ అనలేదు.

సొంతంగా అమ్మొచ్చు కదా అంటారు. ప్రయత్నించాను. మొదటివాడు డబ్బు పంపకుండానే కత్తి పంపమన్నాడు. రెండోవాడు మూడు వారాలు ఫోటోలు అడిగి, చివరికి సగం ధర చెప్పాడు. పైగా ఆయుధం అన్న మాట కనిపిస్తే చాలు, డబ్బు పంపే యాప్‌లు ఖాతా ఆపేస్తాయేమోనని టెన్షన్. అలా డీలర్ దగ్గరికి వెళ్లాను.

కన్‌సైన్‌మెంట్ అంటే మనవాళ్లకు కొత్తేం కాదు, అచ్చంగా అడ్తి. మా నాన్న పసుపు తీసుకెళ్లి నిజామాబాద్ యార్డులో కుప్ప పోసి, అడ్తిదారు మీద భారం వేసి, సాయంత్రానికి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) జేబులో పెట్టుకుని బస్సెక్కేవాడు. ఇక్కడా అదే తంతు. సరుకు మనదే, గిరాకీ తెచ్చేది ఆయన. అమ్ముడుపోయాక కమిషన్ పట్టుకుని మిగతాది ఇస్తాడు. ఒకటే తేడా. పసుపు ఆ రోజే పోతుంది, కత్తి ఆర్నెల్లు ఆయన అరలో కూర్చుంటుంది. అన్నాళ్లూ దాన్ని ఎవరికి చూపించాడో, ఎంత చెప్పాడో మనకు కనపడదు.

మొదటి డీలర్ అట్లాంటాలో దొరికాడు. ఏటా జూన్‌లో అక్కడ బ్లేడ్ షో జరుగుతుంది. వందల బల్లలు, బల్ల బల్లకూ ఒక కమ్మరి. ఆ డీలర్ బాగా మాట్లాడతాడు. ఇరవై శాతం కమిషన్ అన్నాడు. కాగితం ఏమీ లేదు, ఒక ఈమెయిల్, ఒక షేక్‌హ్యాండ్. నేను ఇచ్చినవి ఇవి: ఆర్కాన్సా మాస్టర్ స్మిత్ ఒకాయన చేసిన పది అంగుళాల డమాస్కస్ బౌవీ (పొరల ఉక్కుతో కొట్టిన పెద్ద కత్తి), ఒక వేట కత్తి, ఒకే మేకర్ చేసిన రెండు మడత కత్తులు.

మాస్టర్ స్మిత్ అన్నది ఊరికే పెట్టుకునే బిరుదు కాదు. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ వాళ్ల పరీక్ష ఉంటుంది. వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెగనరకాలి. తర్వాత అదే కత్తితో కలప బద్దను రెండు ముక్కలయ్యేలా రెండుసార్లు నరకాలి. అప్పటికీ చేతి మీద వెంట్రుకలు గీసేంత పదును మిగలాలి. ఆఖరున వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచుతారు, విరగకూడదు. అది నెగ్గాక ఇంకా అయిదు కత్తులు జడ్జిల ముందు పెట్టాలి. ఇదంతా దాటినవాళ్లు బ్లేడు మీద తమ పేరు పక్కన ఎం.ఎస్. అని కొట్టుకుంటారు. ఆ రెండక్షరాలు ఉన్న కత్తికి ధర మారిపోతుంది. ఆ బౌవీని 2014లో రెండు వేల ఆరు వందలకు కొన్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మడత కత్తి ఏడు వందల యాభైకి పోయిందని చెప్పాడు. అతని వాటా నూట యాభై, నాకు రావలసింది ఆరు వందలు. అది చేతికి రావడానికి ఏడు వారాలు, నాలుగు ఈమెయిళ్లు పట్టింది. ప్రతిసారీ జవాబు ఒక్కటే, "చెక్కు రేపు వేస్తాను". మా ఊళ్లో చిట్టీల ఆయన కూడా ఇంతకన్నా వైవిధ్యంగా చెప్పేవాడు.

అసలు సంగతి రెండో మడత కత్తి దగ్గర బయటపడింది. ఒక రాత్రి అతని పేజీ చూస్తూ ఉంటే, అదే మేకర్, అదే మోడల్, ఇంకో కత్తి కనిపించింది. నాదానికన్నా వంద డాలర్లు తక్కువ, పేజీలో నాదానికి పైన. అది అతని సొంత సరుకు. ఆలోచిస్తే అతని వైపు నుంచి సబబే. సొంత కత్తి అమ్మితే లాభమంతా అతనిది, నాది అమ్మితే అయిదో వంతు. నా కత్తి ధర అతని కత్తిని చవగ్గా చూపించడానికి పనికొస్తోంది, అంతే. మా నాన్న చెప్పేవాడు, "అడ్తిదారు తనే కుప్ప పోసుకున్ననాడు మన కుప్ప కాడికి ఎవ్వడు రాడు" అని. గుర్తొచ్చింది గానీ ఆలస్యంగా.

విసుగొచ్చి వెనక్కి పంపమన్నాను. "ఎందుకు, నేనే కొనేస్తాను, అయిదు వందలు" అన్నాడు. ఆ కత్తికి నేను పెట్టింది తొమ్మిది వందలు. ఫీజు గడువు దగ్గర పడింది, సరేనన్నాను. మూడు వారాలకు అది అతని పేజీలో తొమ్మిది వందల యాభైకి కనపడింది. ఫోటో నేను తీసిందే. మా డైనింగ్ టేబుల్ గుడ్డ మీది నెమలి కూడా అందులో ఉంది.

మిగిలిన రెండూ వెనక్కి వచ్చాయి. బౌవీని అతను తోలు ఒరలో దూర్చి ఆర్నెల్లు అలాగే ఉంచాడు. కత్తి పిచ్చి ఉన్న ఎవరికైనా ఇది ఒళ్లు మండే సంగతి. తోలు పదును చేసేటప్పుడు వాడిన పులుపు అందులోనే ఉంటుంది, గాలిలో చెమ్మ పీలుస్తుంది. ఈ డమాస్కస్ స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ ఉక్కు. వెన్ను పక్కన ఆవగింజంత గోధుమరంగు చుక్కలు ఏడు. ఒర ఒకచోట, కత్తి ఒకచోట పెట్టాలని వారం కిందట కత్తులు కొనడం మొదలుపెట్టిన పిల్లాడికీ తెలుసు.

అతనికి నేనిచ్చే మార్కు పదికి రెండు. ఆ రెండూ ప్యాకింగ్‌కు.

రెండో డీలర్ దగ్గరికి భయపడుతూనే వెళ్లాను. ఈయన షోలలో పెద్దగా కనపడడు, ఫోన్ మీదే వ్యాపారం. మొదటి రోజే మూడు పేజీల కాగితం పంపాడు. వెయ్యి డాలర్లు దాటితే పదిహేను శాతం, లోపలైతే ఇరవై. గడువు తొంభై రోజులు. పేజీలో పెట్టే ధర ఒకటి, నేను దిగగలిగే అడుగు ధర ఒకటి. రెండూ నేనే రాసి సంతకం పెట్టాలి. అమ్ముడుపోతే కొన్నవాడికి మూడు రోజులు చూసుకునే వ్యవధి, అది దాటిన పది రోజుల్లో నాకు డబ్బు. తన దగ్గర ఉండగా పోయినా పాడైనా అడుగు ధర అతనే కట్టాలి. సొంత సరుకులో అదే మేకర్ కత్తి ఉంటే ముందే చెబుతానని కూడా ఒక లైను ఉంది. ఆ లైను చదివాక మా ఆవిడను పిలిచి చూపించాను. "ముందాయన దగ్గర ఇది అడగలేదా?" అంది. అడగలేదు.

వెనక్కి వచ్చిన రెండింటికి బీరువాలోంచి ఇంకోటి కలిపి మూడు కత్తులు ఇస్తానన్నాను. రిజిస్టర్డ్ మెయిల్‌లో పంపమన్నాడు. పోస్టాఫీసు వాళ్లదే, యాభై వేల డాలర్ల దాకా బీమా చేయొచ్చు. కాకపోతే నత్తనడక. తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి నాకు నిద్ర లేదు.

చేరిన సాయంత్రమే ఫోన్ చేశాడు. నచ్చింది ఏమిటంటే, ముందు చెడ్డ వార్తలు చెప్పాడు. బౌవీ చుక్కల్లో అయిదు పోతాయి, రెండు పోవు, ఆ రెంటినీ ఫోటోలో దగ్గరగా చూపిస్తాను అన్నాడు. పిడి మామత్ దంతం, అంటే వేల ఏళ్ల కిందట చచ్చిన ఏనుగు జాతిది. దాన్ని కాలిఫోర్నియాలో అమ్మడానికి వీల్లేదు. 2016 జులై నుంచి అక్కడి ఏనుగు దంతాల చట్టంలో మామత్‌ను కూడా కలిపేశారు. అంత పెద్ద రాష్ట్రంలోని గిరాకీ మొత్తం లెక్కలోంచి తీసేసి ధర వేసుకోమన్నాడు. నేను రెండు వేల ఎనిమిది వందలు అనుకుని వెళ్లాను. రెండు వేల నాలుగు వందలు పెట్టాం.

అది పేజీకి ఎక్కనే లేదు. తన పాత ఖాతాదారుల్లో ఆ మేకర్ కత్తులు పోగుచేసే ఒక రిటైర్డ్ డెంటిస్టుకు ఫోన్ చేశాడు. రెండు వేల నూట యాభైకి బేరం కుదిరింది. కమిషన్ 322 డాలర్ల 50 సెంట్లు పోను నాకు 1,827.50 వచ్చింది, చెప్పిన గడువులోనే. తొమ్మిదేళ్లలో ఏడు వందల డెబ్భై చిల్లర నష్టం. కానీ ఆ డెంటిస్టు ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఆయన దగ్గర ఉంది. పదిహేను శాతం దానికే అనుకున్నాను.

వేట కత్తి పదమూడు వందలకు పోయింది. కమిషన్ పోను పదకొండు వందల అయిదు. కొన్నది పదకొండు వందలకు. కత్తుల్లో డబ్బు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఈ అయిదు డాలర్ల లాభం సంగతి చెప్పండి.

ఇక మూడోది. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మన్నించండి.

ఇప్పుడు డమాస్కస్ అని అమ్మేది చాలావరకు రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టింది. 1973లో బిల్ మోరాన్ అలాంటి కత్తులు షోలో పెట్టాక అమెరికాలో ఆ మోజు మొదలైంది. అసలు పాత డమాస్కస్ కత్తుల ఉక్కు అది కాదు. మట్టి మూసలో పెట్టి కరిగించిన ముద్ద, దాన్ని ఇక్కడివాళ్లు ఊట్జ్ అంటారు. మన ఉక్కు అన్న మాటే నోళ్లు మారి అలా అయిందని చెబుతారు. ఆ ముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చి కూర్చున్న ఊళ్లలో మా మండలంలోని కోనసముందర్ ఒకటి. మా ఊరి నుంచి సైకిల్ మీద వెళ్లేవాళ్లం. అక్కడ కొలిమి చిట్టెం దిబ్బలు ఉండేవి, మాకు అవి రాళ్లు విసురుకోవడానికి పనికొచ్చేవి. ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే, అయోవా ప్రొఫెసర్ జాన్ వర్‌హోవెన్ కలిసి 1990లలో ఆ ఉక్కును మళ్లీ చేసి చూపించారు. ఖనిజంలో రవ్వంత వనేడియం లాంటివి ఉంటేనే ఆ నీళ్ల అలల గీతలు పడతాయని తేల్చారు. నేను కొన్నది వాళ్లది కాదు, ఆ దారిలో పనిచేసే ఇంకో కమ్మరిది. నాలుగంగుళాల బ్లేడు, తెల్లటి ఎముక పిడి, పద్నాలుగు వందల డాలర్లు.

డీలర్ ఫోన్ చేసి, "పిడి మీద, బ్లేడు మొదట్లో ఉండే గార్డు పక్కన, ఒక పసుపుపచ్చ మచ్చ ఉంది. పాతబడిన రంగు కాదు. గుండ్రంగా ఉంది. ఏమిటది?" అన్నాడు.

నాకు వెంటనే తట్టింది. 2019లో అమ్మ వచ్చింది. దసరా రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది కత్తులూ బీరువాలోంచి దిగి, పీట మీద వరసగా, పసుపు రాసి కుంకుమ బొట్లతో ఉన్నాయి. పక్కన కారు తాళాలు, మా ఆవిడ కూరగాయల కత్తి. నేను నెత్తి పట్టుకుంటే, "ఇన్ని ఆయుధాలు ఇంట్ల పెట్టుకుని బొట్టు పెట్టకుంటె ఎట్ల బిడ్డా" అంది. ఆ రాత్రే అన్నీ తుడిచాను, నూనె రాశాను. ఎముక సన్న రంధ్రాల్లోకి దిగిన పసుపు మాత్రం నా కంటికి ఆనలేదు. మా ఆర్మూరు పసుపు మరి, అమ్మ సూట్‌కేసులో వచ్చింది.

ఇదంతా డీలర్‌కు చెప్పాను. కాసేపు నవ్వి, "మచ్చ సంగతి రాయకుండా అమ్మలేను. రాస్తే రెండు వందల యాభై దాకా తగ్గుతుంది. గీకితే మాత్రం ఇంకా పాడవుతుంది, ముట్టుకోవద్దు. ఏం చేద్దాం?" అన్నాడు. ఒక రోజు ఆగమని, మర్నాడు వెనక్కి పంపమన్నాను. ఒప్పందం ప్రకారం గడువులోపు వెనక్కి తీసుకుంటే యాభై డాలర్లు ఫీజు. తీసుకోలేదు. పోస్టు ఖర్చు మాత్రం నాదే, అది న్యాయమే.

ఈయనకు పదికి ఎనిమిదిన్నర. ఒకటిన్నర ఎందుకు తగ్గించానంటే, ఈమెయిళ్లకు జవాబివ్వడు, ఫోనే చేయాలి. అది కూడా వాళ్ల టైమ్‌లో, మధ్యాహ్నం రెండు తర్వాత. ఇంకా, ఆరు వందల లోపు కత్తులు తీసుకోడు. నా దగ్గర మిగిలినవాటిలో మూడు ఇప్పటి ధరకు అలాంటివే, వాటిని వచ్చే జూన్‌లో అట్లాంటా పట్టుకెళ్లి, బల్ల బల్లకూ తిరిగి నేనే అమ్ముకోవాలి. మీలో ఎవరికైనా కత్తులుండి అమ్మాలనుకుంటే, కమిషన్ ఎంతని అడిగే ముందు, ఈ మేకర్‌వి మీ సొంతానికి ఎన్ని ఉన్నాయని అడగండి. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

ఊట్జ్ కత్తి బీరువాలోకి తిరిగొచ్చింది. పోయిన దసరాకు అమ్మ వీడియో కాల్ చేసి, "అన్నిటికీ పెట్టినవా?" అని అడిగింది. పెట్టానని ఫోన్ తిప్పి చూపించాను. ఈసారి ఒరల మీద పెట్టాను. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని, "ఒరకు పెడితె కత్తికి పెట్టినట్టు ఎట్లయితది రా?" అంది.