డర్ట్ బైక్: టూ-స్ట్రోకా, ఫోర్-స్ట్రోకా? ఏది మేలు?

"మావాడికి 85 సీసీ చిన్నదైపోయింది, ఇప్పుడేం కొనాలి?" హైదరాబాద్‌లో పిల్లల్ని ట్రాక్‌కి తీసుకెళ్లే తండ్రులు తరచూ అడిగేది ఇదే. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బండ్ల మీద తిరిగిన తరం కదా, వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు: "టూ-స్ట్రోక్ దొరకదా?"

టూ-స్ట్రోక్ అంటే పిస్టన్ రెండు కదలికలకోసారి పెట్రోలు మండే ఇంజిన్, ఫోర్-స్ట్రోక్‌లో నాలుగింటికోసారి. 125 సైజు టూ-స్ట్రోక్ మన షోరూముల్లో దొరకదు. కేటీఎం 50, 65, 85 ఎస్‌ఎక్స్, కవాసాకి కేఎక్స్65, కేఎక్స్112... ఈ చిన్న బండ్లన్నీ టూ-స్ట్రోకే. ఆ పై మెట్టు ఎక్కితే నేరుగా 250 ఫోర్-స్ట్రోక్. మధ్యలో ఉండాల్సిన 125 టూ-స్ట్రోక్ లేదు. యమహా వైజెడ్125, కేటీఎం 125 ఎస్‌ఎక్స్ బయటి దేశాల్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇక్కడికి తెప్పించుకోవాలంటే సుంకాలు, కాగితాలు, ఎదురుచూపులు.

నడపడంలో ఫోర్-స్ట్రోక్‌దే సుఖం, అందులో సందేహం లేదు. ఎంత యాక్సిలరేటర్ తిప్పితే అంతే లాగుతుంది, వదిలితే ఇంజినే బండిని ఆపుతుంది, మట్టిలో వెనక చక్రానికి పట్టు దొరుకుతుంది. 125 టూ-స్ట్రోక్ అలా కాదు. కింది ఆర్‌పీఎంలో ఏమీ ఉండదు, పవర్‌బ్యాండ్‌లో (ఇంజిన్ అసలు బలం చూపే పై ఆర్‌పీఎంలో) పడగానే ఒక్కసారిగా దూకుతుంది. క్లచ్ మీద వేలు తీయకూడదు. అందుకే నేర్చుకునే వయసులో అది మంచిదంటాను. బరువు కూడా చూడండి: వైజెడ్125 పెట్రోలుతో కలిపి సుమారు 95 కిలోలు, వైజెడ్250ఎఫ్ 106. వికారాబాద్ వైపు రాళ్ల దారుల్లో, ఎండలో, పడ్డ బండిని మళ్లీ మళ్లీ లేపే పిల్లాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

నా లెక్కలో అసలు తేల్చేది మాత్రం ఇంజిన్ పని. టూ-స్ట్రోక్‌లో ట్యాంకు, సైలెన్సర్ తీసి, హెడ్ విప్పి, సిలిండర్ పైకి లాగితే పిస్టన్ చేతికొస్తుంది. ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు పడ్డాయా, రింగులు అరిగాయా అన్నది కంటికే కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్ చేసిన చేతికి ఇందులో కొత్తేమీ లేదు. ఒక్క తేడా గుర్తుంచుకోండి: ఈ రేసింగ్ సిలిండర్లకు లోపల ప్లేటింగ్ (పలుచని గట్టి లోహపు పూత) ఉంటుంది, ఆర్‌ఎక్స్‌కి చేయించినట్టు బోర్ చేయించి ఊరుకోవడం కుదరదు. పెట్రోల్లో ఆయిల్ కూడా కొలిచి కలపాలి. 40:1 అంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు.

రేసింగ్ 250 ఫోర్-స్ట్రోక్ 13 వేల ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది. క్యామ్‌లు, టైమింగ్ చైన్, టైటానియం వాల్వులు, వాటి సందు సరిచేయడానికి మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చూసే షిమ్‌లు (చిన్న లోహపు బిళ్లలు). సమయానికి చూపిస్తే బాగానే ఉంటుంది. ఒక వాల్వు విరిగి లోపల పడిందంటే హెడ్, పిస్టన్, ఒక్కోసారి క్రాంక్ కూడా పోతాయి. ఉద్యోగం చేసుకుంటూ కొడుకుని రైడింగ్‌కి పంపే తండ్రికి ఇది మామూలు టెన్షన్ కాదు. ఒక్క బిల్లుతో ఆట మానేసే పిల్లలుంటారు.

మరి ఇంత సులువైన ఇంజిన్ ఎందుకు పోయింది? పొల్యూషన్ చట్టాల వల్ల అంటారు. రోడ్డు బండ్ల వరకూ అది నిజమే. మన ఆర్‌ఎక్స్‌లు, షోగన్‌లు పోయింది ఆ పొగ వల్లే, దానికి నేను బాధపడను. కానీ పోటీలకే వాడే బండ్లకు అమెరికా నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. అక్కడ ఆట మార్చింది రేసు రూలు. 250 టూ-స్ట్రోక్‌కి పోటీగా 550 సీసీ దాకా ఫోర్-స్ట్రోక్‌ని దించొచ్చన్నారు. ఆ సందుతోనే యమహా తెచ్చిన 400 సీసీ బండి మీద డగ్ హెన్రీ 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో వేసిన మట్టి ట్రాక్ మీద రేసు) గెలిచాడు. మరుసటి ఏడాదే వైజెడ్400ఎఫ్ అమ్మకానికి వచ్చింది. తర్వాత 450 ఫోర్-స్ట్రోక్‌కి 250 టూ-స్ట్రోక్, 250 ఫోర్-స్ట్రోక్‌కి 125 టూ-స్ట్రోక్ పోటీ అన్న లెక్క స్థిరపడింది. దాదాపు రెట్టింపు సీసీతో గెలిచి, ఫోర్-స్ట్రోకే మేలని అమ్మారు. 2007 మోడళ్లతో హోండా తన సీఆర్ టూ-స్ట్రోక్ వరసే ఆపేసింది.

చేతకాక ఆపారా అంటే, అదీ కాదు. 1995లోనే హోండా పొగ తగ్గించే కొత్త దహన పద్ధతితో ఈఎక్స్‌పీ-2 అనే 402 సీసీ టూ-స్ట్రోక్‌ని డకార్ ర్యాలీకి పంపింది. అది మొత్తం మీద ఐదో స్థానంలో వచ్చింది. ఆ పనిని మోటోక్రాస్ (జంపులున్న మట్టి ట్రాక్ మీద రేసు) బండ్లలోకి తేలేదు. 2017లో కేటీఎం ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో టూ-స్ట్రోక్ ఎండ్యూరో (అడవి దారుల్లో దూరం నడిపే పోటీ) బండ్లు తెచ్చింది, అవి అమ్ముడయ్యాయి కూడా. తలచుకుంటే అయ్యే పనే. కాబట్టి తప్పు కంపెనీలదే అంటాను.

హీరో ఎక్స్‌పల్స్ రోడ్డు మీదా మట్టిలోనూ తిరగడానికి బాగుంటుంది, మోటోక్రాస్‌కి కాదు. ఆర్‌ఎక్స్‌ని డర్ట్ బైక్‌గా మార్పించడం వద్దు, జంపులకు ఆ ఫ్రేము చేసింది కాదు.

పిల్లాడి ఎత్తు సరిపోతే కేఎక్స్112 మీద ఇంకొన్నాళ్లు ఉంచండి. దిగుమతి భరించగలిగితే వైజెడ్125. రెండూ కుదరకపోతే 250 ఫోర్-స్ట్రోక్ కొత్తదే తీసుకోండి, సెకండ్ హ్యాండ్ వద్దు. మొదటి రోజే అవర్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపేది) పెట్టించండి. డబ్బు కట్టే ముందు పిస్టన్ కిట్, వాల్వులు, షిమ్‌లు నగరంలో స్టాకు ఉన్నాయో లేదో, లేకపోతే ఎన్నాళ్లకు వస్తాయో డీలర్ చేత రాయించుకోండి.