వాట్సాప్ గ్రూపా, వార్తాలేఖా, గోడ పత్రికా: చిన్న విశ్వవిద్యాలయానికి ఏది మేలు?

వెయ్యో, రెండు వేలో మంది చదువుకునే విశ్వవిద్యాలయంలో వార్త దాగదు. ఎవరికి ఫెలోషిప్ వచ్చింది, ఏ విభాగాధిపతి మారబోతున్నారు, ఏ హాస్టల్లో నీళ్లు రావడం లేదు అన్నవి పొద్దున ఒకచోట పుడితే సాయంత్రానికి ప్రాంగణం చివరి గది దాకా చేరిపోతాయి. అందుకే ఇక్కడ వార్తాసాధనాలను పోల్చేటప్పుడు వేగాన్ని కొలబద్దగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. వేగం ఎలాగూ ఉంది. చెప్పినదానికి పూచీ ఎవరిది, తప్పని తేలితే ఎక్కడ దిద్దుతారు, ప్రాంగణంలోనే ఉంటూ ఆ వార్త అందని వారెవరు అన్నవి చూడాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. రాత్రి పది దాకా తెరిచి ఉండే గ్రంథాలయాన్ని ఉన్నట్టుండి ఆరింటికే మూసేయడం మొదలుపెట్టారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈ వార్త ఒక్కో దారిలో ఎలా నడుస్తుందో చూస్తే తేడా తెలుస్తుంది.

ముందు వాట్సాప్ గ్రూపు. దాదాపు ప్రతి ప్రాంగణమూ ఇప్పుడు దాని మీదే నడుస్తోంది, దాని మేలును కాదనలేం. అర్ధరాత్రి ఒకరికి రక్తం అవసరమైతే, చివరి బస్సు రద్దయితే, పరీక్షకు గంట ముందు హాల్‌టికెట్ పోతే దాన్ని మించిన సాధనం లేదు. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు కాబట్టి చిన్న విశ్వవిద్యాలయంలో సగానికి సగం మంది ఒకే గొడుగు కిందకు వస్తారు. ఆచరణలో జరిగేది మాత్రం అది కాదు. విభాగానికొకటి, హాస్టల్‌కొకటి, బ్యాచ్‌కొకటి గ్రూపులుంటాయి. గ్రంథాలయం వార్త ఒకదానిలో ‘విద్యుత్ ఆదా కోసం’ అని, ఇంకోదానిలో ‘విద్యార్థులు గొడవ చేసినందుకు శిక్ష’ అని, మరోదానిలో ‘భవనాన్ని వేరే విభాగానికి ఇచ్చేస్తున్నారు’ అని తిరుగుతుంది. ఈ మూడు కథనాలూ ఒకచోట ఎదురుపడవు. ఎవరి గ్రూపులో విన్నది వారికి నిజం.

దీనికి తోడు తల తెగిన సర్క్యులర్ ఫోటో ఒకటి వస్తుంది. ఇది ప్రతి ప్రాంగణంలోనూ చూసేదే. కాగితం పై భాగం, అంటే తేదీ, క్రమసంఖ్య ఉన్న భాగం, ఫోటోలో ఉండదు. కింద సంతకం, ముద్ర స్పష్టంగా కనిపిస్తాయి. అది నిరుటిదో, అంతకు ముందుదో ఎవరూ అడగరు, ముద్ర ఉంది కదా అని పంపేస్తారు. వదంతులు పెరుగుతున్నాయనే వాట్సాప్ 2018లో భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపే వీలు లేకుండా చేసింది, మరుసటి ఏడాది అదే పరిమితిని ప్రపంచమంతటా పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేసింది. చిన్న ప్రాంగణంలో ఈ అడ్డుకట్టలకు పెద్దగా అర్థం లేదు. ఐదు గ్రూపులకు వెళ్తే అందరికీ వెళ్లినట్టే.

గ్రూపులో నన్ను ఎక్కువగా బాధించేది దిద్దుబాటు లేకపోవడం. తప్పు అని తేలాక పంపినవారు సందేశాన్ని చెరిపేస్తారు. రెండు రోజుల తర్వాత కూడా అందరి ఫోన్లలోంచీ చెరిపేసే వీలుంది. చెరిపేయడం వేరు, దిద్దడం వేరు. అప్పటికే చదివినవారి మనసులో తప్పు అలాగే ఉండిపోతుంది, మర్నాడు చూసినవారికి అక్కడ ఏదో ఉండేదని మాత్రమే తెలుస్తుంది. అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా గ్రూపును మార్చితే వదంతులు తగ్గే మాట నిజమే, అయితే ప్రశ్న అడిగే చోటు కూడా పోతుంది.

ఇక విశ్వవిద్యాలయం తానే వెలువరించే వార్తాలేఖ. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం విద్యార్థుల్లో అలవాటు, నేను ఒప్పుకోను. పేర్లు సరిగ్గా ఉంటాయి, తేదీలు సరిగ్గా ఉంటాయి. ఎప్పుడో చదువుకుని వెళ్లిపోయిన పూర్వ విద్యార్థికి తన విభాగంలో కొత్త ప్రయోగశాల వచ్చిందని తెలిసేది దాని వల్లే. పదవీ విరమణ చేసిన గుమాస్తా పేరు అచ్చులో మిగిలేదీ అందులోనే. పదేళ్ల సంచికలు వరసగా పేర్చితే సంస్థ చరిత్ర చేతికొస్తుంది. కానీ గ్రంథాలయం వార్త అందులో రాదు. వచ్చినా ‘గ్రంథాలయ వేళల్లో మార్పు’ అని ఒక వాక్యం ఉంటుంది, ఎందుకన్నది ఉండదు. వార్తాలేఖ సంస్థ గొంతు. సంస్థ తనను తాను ప్రశ్నించుకోవాలని దాని నుంచి ఆశించడం న్యాయం కాదు.

ప్రాంగణ రేడియో కూడా పోలికలోకి రావాలి. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరి 1న ప్రారంభించిన అన్నా ఎఫ్‌ఎం దేశంలో తొలి ప్రాంగణ కమ్యూనిటీ రేడియో. ఇలాంటి కేంద్రాలకు సాధారణంగా 100 వాట్ల ప్రసార శక్తిని అనుమతిస్తారు, సుమారు పది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. అంటే ప్రహరీ గోడ దాటి చుట్టుపక్కల ఇళ్లలోకి వెళ్లగలదు, చదవడం రానివారినీ చేరగలదు. కార్యక్రమాల్లో కనీసం సగం ఆ ప్రాంతం వారితోనే తయారు కావాలన్న నిబంధన కూడా ఎంతో మంచిది. అయితే మన దేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వినిపించవచ్చు, పరీక్షా ఫలితాలు, ప్రవేశాలు, నీటి సరఫరా వంటి సమాచారం చెప్పవచ్చు. గ్రంథాలయం ఆరింటికే మూస్తారని చెప్పవచ్చు గానీ, దాని వెనక ఏం జరిగిందో తవ్వి తీసే కథనానికి అక్కడ చోటు దొరకడం కష్టం. చుట్టుపక్కల వారితో బంధం కోసమైతే రేడియోకే నా ఓటు. ప్రాంగణంలో జవాబుదారీ కోసమైతే అది చాలదు.

మిగిలింది విద్యార్థులు నడిపే పత్రిక. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1892లో మొదలైన ‘ద స్టాన్‌ఫర్డ్ డైలీ’ 1973లో విశ్వవిద్యాలయం నుంచి విడిపడి లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ అయింది. 2022 చివర్లో ఆ పత్రికలో పనిచేస్తున్న మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు తమ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి పరిశోధన పత్రాల మీద వరసగా కథనాలు రాశారు. విచారణ జరిగింది. అధ్యక్షుడు స్వయంగా మోసానికి పాల్పడినట్టు తేలలేదు, కానీ ఆయన ప్రయోగశాలల నుంచి వచ్చిన కొన్ని పత్రాల్లో తీవ్రమైన లోపాలున్నాయని తేలింది. 2023లో ఆయన పదవి వదులుకున్నారు. పత్రిక విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండి ఉంటే ఆ కథనాలు వెలుగు చూసేవా అన్న ప్రశ్న ప్రతి చిన్న సంస్థా వేసుకోదగ్గది.

ఇరుగుపొరుగుతో సంబంధానికి ఇంకో ఉదాహరణ అమెరికాలోనే ఉంది. అయోవా విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక ‘ద డైలీ అయోవన్’ను నడిపే సంస్థ 2024 జనవరిలో దగ్గరి చిన్న పట్టణాల వారపత్రికలు రెండింటిని, ‘మౌంట్ వెర్నన్-లిస్బన్ సన్’నూ ‘సోలన్ ఎకానమిస్ట్’నూ, కొనుగోలు చేసింది. విద్యార్థులు పక్క ఊరి పురపాలక సమావేశానికి వెళ్లి కూర్చుని రాసుకోవడం కంటే గట్టి బంధం నాకు తోచడం లేదు.

ఇవి పెద్ద విశ్వవిద్యాలయాలు, వాటికి నిధులున్నాయి అనవచ్చు. నిజమే. అచ్చు పత్రిక అందరికీ సాధ్యం కాదు. అందుకే చిన్న ప్రాంగణానికి గోడ పత్రికను సూచిస్తాను. నాలుగు చార్టు కాగితాలు, చేతిరాత, పక్షానికో మాసానికో ఒక సంచిక. దాన్ని పరిపాలన భవనం ముందు కాకుండా అందరూ నడిచే దారిలో, తాగునీటి కుళాయి పక్కనో సైకిళ్ల స్టాండు దగ్గరో కంటి ఎత్తులో పెట్టాలి. అప్పుడు కాపలాదారు చదువుతారు, ఊడ్చే మనిషి చదువుతారు, ఏ గ్రూపులోనూ లేని మొదటి సంవత్సరం విద్యార్థీ చదువుతాడు. పక్కన నిలబడి చదివేవారితో ఒక మాట కలుస్తుంది. ఫోను తెర మీద జరగనిది ఇదే.

గ్రంథాలయం వార్త అక్కడికి వచ్చేసరికి ఒక విద్యార్థి గ్రంథాలయాధికారిని కలిసి అడగక తప్పదు, ఎందుకంటే కింద తన పేరు రాయాలి. రాత్రి పూట పనిచేసే ఉద్యోగి పదవీ విరమణ చేశారని, ఆ ఖాళీని ఇంకా నింపలేదని, ఉన్న ఒక్కరూ రెండు షిఫ్టులు చేయలేకపోతున్నారని అప్పుడు తెలుస్తుంది. నిన్నటి దాకా ఆ ఉద్యోగిని తిట్టుకున్నవారే ఖాళీ నింపాలని అర్జీ పెడతారు. కథనంలో తప్పు దొర్లితే అదే వార్త పక్కన ఎర్రసిరాతో దిద్దుబాటు కనిపిస్తుంది, తప్పూ ఒప్పూ కలిసే ఉంటాయి.

చిన్నచోట దీనికున్న కష్టం కూడా చెప్పాలి. ఏ అధ్యాపకుడి గురించి రాశారో ఆయన తరగతిలోనే మర్నాడు కూర్చోవాలి, ఆయనే మార్కులు వేయాలి. ఈ భయం ఊరికే పోదు. కాబట్టి రెండు విషయాల్లో రాజీ పడకూడదు. ఎవరి మీద వార్త రాస్తున్నారో వారి మాట అదే సంచికలో ఉండాలి. అధ్యాపకులు సలహా ఇవ్వవచ్చు గానీ, అంటించే ముందు అనుమతి తీసుకోవాలనే నియమం ఉండకూడదు. ఈ రెండోదాన్ని విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే గోడ పత్రిక ఒక సెమిస్టరు తిరగకుండానే మరో వార్తాలేఖ అయిపోతుంది.

కాబట్టి నా లెక్కలో మొదటి స్థానం గోడ పత్రికది. గ్రూపును అత్యవసర కబుర్లకు ఉంచుకోవచ్చు, కొత్త సంచిక వచ్చిందని ఫోటో పంపడానికీ వాడవచ్చు, తేదీ ఉన్న పై భాగం కత్తిరించకుండా. వార్తాలేఖ పూర్వ విద్యార్థులకు వెళ్తూనే ఉండాలి.

ఇలాంటి పత్రికలు ఎక్కువగా ఆగిపోయేది ఒత్తిడి వల్ల కాదు, నడిపేవారు చదువు ముగించి వెళ్లిపోవడం వల్ల. చివరి సంవత్సరంలో సంపాదకత్వం చేపట్టకుండా, రెండో సంవత్సరం వారికి అప్పగించి, చివరి సంవత్సరం వారు పక్కన ఉండి నేర్పే పద్ధతి పెట్టుకోవాలి. పాత సంచికలను చుట్టగా చుట్టి గ్రంథాలయంలో ఒక అరలో దాచమని అడగాలి. కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే ఆ అర చూపించాలి.