ఏడున్నరేళ్లు వాడిన ల్యాప్‌టాప్: పాడైన భాగాలు, మిగిలిన ఫైళ్లు

2018 జూన్‌లో కొన్న ల్యాప్‌టాప్ గురించి ఇప్పుడు సమీక్ష రాయడం ఆలస్యమే. అయితే కొత్త యంత్రం చేతికి వచ్చిన వారానికి రాసే సమీక్షల్లో వేగం, తెర, బరువు గురించి తెలుస్తుంది గానీ, ఏ భాగం ఎన్నేళ్లకు అరిగిపోతుందో, అది అరిగిన రోజున ఇంటిల్లిపాది ఫైళ్లు ఏమవుతాయో ఎవరికీ తెలిసే వీలుండదు. మా ఇంట్లో నలుగురం ఈ ఒక్కదాన్నే ఏడున్నరేళ్లుగా వాడుతున్నాం. ఇన్నాళ్లలో దీని హార్డ్ డిస్క్, బ్యాటరీ, తెరను పట్టి ఉంచే హింజీలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. అయినా ఇది ఈ రోజుకీ పనిచేస్తోందంటే, పోయిన ప్రతి భాగాన్నీ విడిగా మార్చుకునే వీలు ఉండడమే కారణం. కొనేటప్పుడు నేను సరిగ్గా చూసుకున్నది అదొక్కటే; ఫైళ్ల విషయంలో మాత్రం అంత జాగ్రత్తగా లేను, దానికి తగిన నష్టం కూడా అనుభవించాను.

ఇది 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, ఇంటెల్ ఎనిమిదో తరం కోర్ ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్‌తో వచ్చింది. ఆ రోజుల్లోనే ఇంతకంటే పలుచగా, తేలికగా, చూడగానే నచ్చేలా మరో మోడల్ ఉంది. అందులో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేశారు, అడుగు మూత తెరవాలంటే జిగురు ఊడదీయాలి. దీనికి అడుగున మామూలు స్క్రూలు తొమ్మిది, లోపల ర్యామ్‌కు రెండు స్లాట్లు, అందులో ఒకటి ఖాళీ. కాస్త లావుగా ఉన్నా దీన్నే తీసుకున్నాను. ఏడాది తిరగకుండానే ఆ ఖాళీ స్లాట్లో మరో 8 జీబీ పెట్టడానికి పట్టిన సమయం పావుగంట.

ప్రాసెసర్ తరం అన్నది ఇంత ముఖ్యమవుతుందని అప్పట్లో నాకూ తెలియదు. అదే నెలలో మా బావగారు కొంచెం తక్కువకు వస్తుందని ఏడో తరం ఐ5-7200యూ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకున్నారు. రెండింటి మీదా ఐ5 అనే ఉంటుంది, రెండూ 15 వాట్ల ప్రాసెసర్లే, కానీ లెక్కలు చేసే భాగాలైన కోర్లు ఏడో తరం దాంట్లో రెండు, ఎనిమిదో తరం దాంట్లో నాలుగు. ఆ తేడా మొదటి రోజు నుంచీ కనిపించింది. అసలు తేడా మాత్రం 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు బయటపడింది: ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే దానికి అధికారికంగా అర్హత ఉంది. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. మా బావగారి యంత్రం ఏ లోపమూ లేకుండా నడుస్తూనే ఆ రోజుతో పాతదైపోయింది. ఆయన దాంట్లో ఇప్పుడు విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని బాగానే వాడుకుంటున్నారు. నా దానికి కూడా అర్హత లేదనే మొదట చూపించింది. తాళపు కీలను భద్రంగా దాచే టీపీఎమ్ 2.0 అనే భాగం లేదన్నది అభ్యంతరం. నిజానికి అది ప్రాసెసర్‌లోనే ఉంది, విండోస్ కంటే ముందే మొదలయ్యే బయోస్ అనే సెట్టింగుల తెరలో ఇంటెల్ పీటీటీ అనే పేరుతో ఆపేసి ఉంది, అంతే. దాన్ని ఆన్ చేయగానే అప్‌గ్రేడ్‌కు దారి తెరుచుకుంది. ఆ సందేశం చూసి కొత్తది కొనడానికి సిద్ధపడుతున్నవారు ముందు బయోస్‌లోకి వెళ్లి ఒకసారి చూడాలని గట్టిగా చెబుతాను.

ఇక హార్డ్ డిస్క్. అది నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం. మొదటి మూడేళ్లూ ల్యాప్‌టాప్ ఆన్ చేసి వేరే పని చూసుకుని రావలసి వచ్చేది. 2021 ఆగస్టులో ఒక రాత్రి ఫొటోలు చూస్తుండగా తెర ఆగిపోయి, లోపలి నుంచి గోటితో బల్ల మీద కొట్టినట్టు టక్, టక్ మని చప్పుడు, కొద్ది క్షణాలు నిశ్శబ్దం, మళ్లీ అదే చప్పుడు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనలోనే రాసుకునే స్మార్ట్ వివరాలను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిచాను. చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న చిన్న గడుల, సంఖ్య 16 అని ఉంది. గంట తర్వాత చూస్తే 88. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే ఇక ఆ డిస్క్ మీద ఆశ పెట్టుకోకూడదు. నేను మరీ కంగారు పడలేదు, ఎందుకంటే వారం వారం బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ వెళుతోంది, పని పూర్తయిందని పచ్చ గుర్తు కూడా చూపిస్తోంది.

ఆ గుర్తు అబద్ధమేమీ కాదు. నేను వాడిన బ్యాకప్ ప్రోగ్రామ్, ప్రత్యేకంగా చెప్పకపోతే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పిక్చర్స్ వంటి మామూలు ఫోల్డర్లను మాత్రమే తీసుకుంటుంది. నేను పాత ఫొటోలనూ స్కాన్లనూ డీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి దాచాను. ఆ ఫోల్డర్ మూడేళ్లలో ఒక్కసారి కూడా బ్యాకప్‌లోకి వెళ్లలేదు. ఒక్కసారైనా ఆ బయటి డిస్క్‌ను తెరిచి, లోపల ఏముందో నా కళ్లతో చూసి ఉంటే మొదటి వారమే తెలిసేది. చావుకు దగ్గరైన డిస్క్‌ను బయటికి తీసి, యూఎస్‌బీ పెట్టెలో అమర్చి, చదవగలిగినవి ముందు, మొండికేసినవి తర్వాత కాపీ చేసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను. పదకొండు వేల పైచిలుకు ఫైళ్లలో 212 రాలేదు. అందులో మా తాతగారి చేతిరాతలో ఉన్న ఉత్తరాల స్కాన్లు నలభై. అసలు కాగితాలకు అంతకు ముందే చెద పట్టింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి అందరూ చెప్పేదే: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటిగా మా ఇంట్లో అది కుదిరింది. అయితే క్లౌడ్ ఫోల్డర్‌ను సింక్‌లో పెట్టి దాన్నే బ్యాకప్ అనుకోవడం పెద్ద పొరపాటు. సింక్ అంటే ఒకచోట జరిగింది అన్నిచోట్లా జరగడం. ఒకసారి మా అమ్మాయి ఫోన్‌లో చోటు చాలడం లేదని ఒక ఫోల్డర్ తీసేస్తే, పది నిమిషాల్లో అది ల్యాప్‌టాప్‌లోనూ మాయమైంది. చెత్తబుట్టలో దొరికింది గనుక సరిపోయింది. చాలా సేవల్లో ఆ చెత్తబుట్ట 30 రోజులే ఉంచుతుంది. పాత వెర్షన్లను నెలల తరబడి నిలిపి ఉంచే పద్ధతి విడిగా ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి.

బయటి డిస్క్‌ను బ్యాకప్ అయిన వెంటనే తీసి బీరువాలో పెడతాను. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పట్టిన రోజున ల్యాప్‌టాప్‌తో పాటు అదీ తాళం పడుతుంది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చి ఉంది. దాన్ని వేసుకున్న యంత్రాల్లోకి ఆ దారిన అది రాలేకపోయింది. మధ్యలో ఉన్న రెండు నెలలు అప్‌డేట్‌ను వాయిదా వేస్తూ వచ్చినవారికే ఎక్కువ దెబ్బ తగిలింది. అందుకే అప్‌డేట్ అడిగినప్పుడు ఆ రాత్రికి దాని పని దాన్ని చేసుకోనిస్తాను. ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్‌ను మొదటి నెలలోనే తీసేశాను. విండోస్‌లో ఉండే డిఫెండరే ఇన్నేళ్లూ చాలింది. పాస్‌వర్డ్‌ల సంగతికొస్తే, నలుగురికీ ఒక పాస్‌వర్డ్ మేనేజరు, ఈమెయిల్‌కూ బ్యాంకుకూ రెండంచెల ధ్రువీకరణ. మూడు నెలలకోసారి మార్చే అలవాటు మానేశాం; అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 నుంచి, బయటపడ్డ ఆనవాలు లేకుండా ఊరికే మార్పించవద్దనే చెబుతోంది. పొడవుగా ఉండాలి, ఒకచోట వాడింది మరోచోట వాడకూడదు.

డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చే, విండోస్ సదుపాయం బిట్‌లాకర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తమ ల్యాప్‌టాప్‌లో అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దొంగ చేతిలో పడితే ఫైళ్లు దక్కవు, మంచిదే. కానీ బయోస్ అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు మార్చాకో నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నాకు నిరుడు అదే ఎదురైంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది గానీ, ఆ ఖాతా తెరవడానికి ఉన్న ఒక్క కంప్యూటరూ తాళం పడి కూర్చుంటే ఇబ్బందే, కాబట్టి నేను కాగితం మీద రాసి ఉంచాను. 48 అంకెలు చేత్తో ఎక్కించేటప్పుడు తప్పు పోకుండా చూసుకునే ఉపాయం ఒకటి ఉంది: ఆ అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి, ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడుతుంది. రాసుకున్నాక క్యాలిక్యులేటర్‌తో ఎనిమిది భాగహారాలు చేస్తే చాలు. ఏ గుంపులోనైనా ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మిగిలి పట్టిచ్చేస్తుంది. నేను రాసిన మూడో గుంపులో 7కు బదులు 1 పడింది. ఆ పది నిమిషాలు వెచ్చించకపోయి ఉంటే నిరుడు ఆ నీలం తెర ముందు నిస్సహాయంగా కూర్చునేవాణ్ని.

బ్యాటరీ నాలుగేళ్లు వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో తీసే బ్యాటరీ రిపోర్టులో, తయారైనప్పటి సామర్థ్యం 48,000 మిల్లీవాట్ అవర్లు ఉండగా 2022 నాటికి నిండా చార్జ్ చేసినా 27,900 దగ్గరే ఆగుతోంది. ఎక్కువగా చార్జర్‌కు తగిలించి వంద శాతంలో ఉంచి వాడడం వల్ల అలా అయిందని నా అభిప్రాయం. అంతకంటే ముఖ్యమైన ఆనవాలు టచ్‌ప్యాడ్ ఇచ్చింది: ఎడమ పక్క మామూలుగా నొక్కుకుంటున్నా కుడి పక్క వేలితో ఎంత అదిమినా క్లిక్ కావడం లేదు. టచ్‌ప్యాడ్ పాడైందనుకుని మూత తీస్తే, దాని కింద బ్యాటరీ దిండులా ఉబ్బి పైకి తోస్తోంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని అదమకూడదు, గుచ్చకూడదు, ఇంకొక్క రోజు వాడి చూద్దామనుకోకూడదు. అదే రోజు తీయించి కొత్తది వేయించాను. ఆ కొత్త బ్యాటరీకి బయోస్‌లో 80 శాతం వద్ద చార్జింగ్ ఆగేలా పెట్టాను. మూడేళ్ల తర్వాత ఇప్పుడు 42,600 చూపిస్తోంది.

హింజీల విషయంలో మాత్రం ఈ ల్యాప్‌టాప్ చేసినవారిని మెచ్చుకోలేను. ఇనుప హింజీలను పలుచని ప్లాస్టిక్ గుబ్బలకు స్క్రూలతో బిగించారు. 2023లో అవి పగిలి, తెర ఎత్తినప్పుడల్లా మూల చీలేది. పై మూత మొత్తం మార్చాల్సి వచ్చింది. కెమెరా వీడియో కాల్‌లో ముఖాలను మసకగా చూపిస్తుంది, స్పీకర్లు బలహీనం. ఫ్యాన్‌లో దుమ్ము ఏడాదికోసారి తీయకపోతే మోత మొదలవుతుంది. పాత హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టిన 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) మాత్రం యంత్రానికి కొత్త ప్రాణం పోసింది: సాటా అనే పాత, నెమ్మది రకమే అయినా సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది, ఆన్ చేసిన పావు నిమిషంలో పని మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు మా అమ్మాయి చదువుకు కొత్తది చూస్తున్నాం. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదనుకుంటున్నాం. అతికించిన ర్యామ్ అయితే తర్వాత పెంచుకునే దారి లేదు గనుక ఆ సంఖ్య కొనే రోజునే తేలిపోవాలి. చార్జింగ్ యూఎస్‌బీ-సీ ద్వారా జరిగితే ఒక చార్జర్ పోయినా పని ఆగదు. అన్నిటికంటే ముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీ సైట్ నుంచి దింపుకుని, బ్యాటరీ మార్చే పేజీని, ఎస్‌ఎస్‌డీ మార్చే పేజీని చదువుతున్నాను. బ్యాటరీ తీయడానికి మదర్‌బోర్డు విప్పమన్న మోడల్‌ను పక్కన పెట్టాను, మాన్యువలే బయట పెట్టని దాన్నీ పక్కన పెట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం బ్యాకప్ డిస్క్‌ను బావగారి ల్యాప్‌టాప్‌కు తగిలించి, తోచిన మూడు ఫైళ్లు తెరిచి చూస్తాను. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక ఆ పని మా అమ్మాయికి అప్పగిస్తాను.

చప్పుడు చేసిన ఆ పాత హార్డ్ డిస్క్ ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయలేదు కాబట్టి చెడిపోయిన స్థితిలో కూడా ఎవరి చేతికీ ఇవ్వలేను. పాడైన సెక్టార్ల మీద పూర్తిగా చెరిపి రాయడం కుదరదు కాబట్టి పగలగొట్టడమే సరైన మార్గం. ఆ నలభై ఉత్తరాలు దాంట్లో ఉన్నాయి గనుక, దుమ్ము లేని గదిలో డిస్క్‌ను విప్పి చదివే రికవరీ ల్యాబ్‌కు ఒకసారి పంపి చూసేంత వరకూ మాత్రం దాన్ని పగలగొట్టను.